రహస్య సంధులు

1914 జూన్ 28వ తేదీన సరయేవో నగరమున ఆస్ట్రియా యువరాజగు ఫ్రాంజ్ ఫెర్డినాండును, ఆయన భార్యను గవ్రీలో ప్రిన్సిప్ అను పందొమ్మిదేండ్ల యువకుడు తుపాకితో కాల్చి చంపెను. ఆరు వారములు గడవక మునుపే ఐరోపాఖండము రణరంగమయ్యెను. ఒక్క హత్య యింతటి ప్రళయమునకు చాలునా? నిప్పురవ్వ యెక్కడనైనను పడును. వాడయంతయు దగ్ధమగుటకు ఇండ్ల కప్పులు ఒకదానినొకటి తాకుచుండవలెను. ఐరోపారాజ్యముల కప్పులను అట్లు కలిపినవి రహస్య సంధులు.

జర్మనీ, ఆస్ట్రియాలు 1879లో ఒడంబడిక చేసికొన్నవి. 1882లో ఇటలీ వానితో చేరెను. దానికి వెఱచి ఫ్రాన్సు, రష్యాలు 1894లో జతకట్టినవి. కూటములున్నవని లోకమెఱుగును, షరతుల నెఱుగదు. బ్రిటన్ సంగతి మఱింత విచిత్రము. 1906 మొదలు ఆ దేశపు సేనానులు ఫ్రెంచి సేనానులతో యుద్ధాలోచనలు సాగించుచుండగా, స్వదేశ మంత్రులలోనే పెక్కుమందికి 1911 వఱకు ఆ మాట తెలియదు. 1912లో ఉభయులు వ్రాసికొన్న లేఖను విదేశాంగమంత్రి గ్రే పార్లమెంటున చదివి వినిపించినది 1914 ఆగస్టు 3వ తేదీన. ఎవరును బద్ధులు కారని ఆ లేఖలో నున్నమాట నిజమే. కాని అప్పటికే ఫ్రాన్సు తన నౌకాబలమును మధ్యధరా సముద్రమున నిలిపి, ఉత్తరతీరమును బ్రిటన్‌ను నమ్మి విడిచియుండెను. జర్మనీ బెల్జియముపై దండెత్తగా, ఆనాడే బ్రిటన్ యుద్ధమునకు దిగెను.

నౌకాబలముల పోటీ, బాల్కను జాతుల స్వాతంత్ర్యకాంక్ష, సేనానుల దురహంకారము, ఇవియును కారణములే. అయినను వానిని జనులు కన్నులార చూచుచుండిరి, చూచినదానిని ప్రశ్నింపవచ్చును. చూడనిదానిని ప్రశ్నించుటెట్లు?

యుద్ధమారంభమైన పిదప ఈ వ్యాధి మఱింత ముదిరెను. 1915లో ఈజిప్టునందలి బ్రిటిషు హైకమిషనరు మెక్‌మహన్ అరబ్బులకు స్వాతంత్ర్యము వాగ్దానము చేయుచు మక్కా షరీఫు హుస్సేనునకు లేఖలు వ్రాసెను. 1916 మే నెలలో బ్రిటన్, ఫ్రాన్సులు ఆ అరబ్బు భూములనే తమలో రహస్యముగా పంచుకొన్నవి. 1917 నవంబరులో పాలస్తీనాయందు యూదులకు జాతీయనివాసము నేర్పఱచుటకు తోడ్పడుదుమని బ్రిటన్ ప్రకటించెను. ఒక్క పొలమును ముగ్గురకు వ్రాసియిచ్చిన చందము! ఆ మాసముననే రష్యాలో అధికారమునకు వచ్చిన బోల్షెవిక్కులు జారుల కాలపు రహస్యపత్రములను బయటపెట్టిరి. కర్ణుడు తన యన్న యని ధర్మరాజు యుద్ధము ముగిసిన పిదప నెఱిగినట్లు, లక్షలమంది మడిసిన పిమ్మట జనులు తాము దేనికై పోరుచుండిరో ఎఱిగిరి. ఆ పంపకముల ఫలమును పశ్చిమాసియా నేటికిని అనుభవించుచున్నది.

ఇకమీదట సంధులు బహిరంగముగా జరుగవలెనని అమెరికా అధ్యక్షుడు విల్సన్ 1918 జనవరిలో తన పదునాలుగు సూత్రములలో మొదటిదిగా చాటెను. కాని మఱుసటి యేడు పారిస్‌లో ముఖ్యనిర్ణయములు మూసిన తలుపులవెనుకనే జరిగినవి. చైనాలోని షాన్‌డాంగు ప్రాంతమున జర్మనీకుండిన హక్కులను జపానుకు కట్టబెట్టిరి. 1917లోనే బ్రిటన్, ఫ్రాన్సులు రహస్యముగా మాట యిచ్చియుండుటయే అందుకు మూలము. మే 4వ తేదీన పెకింగు విద్యార్థులు వీధులకెక్కిరి. చైనా వెర్సేల్సు సంధిపై చేవ్రాలు చేయలేదు. జర్మనీ ప్రతినిధులకు ముఖాముఖిగా వాదించు అవకాశమీయక, యుద్ధనష్టముల బాధ్యతను వారిచే ఒప్పించిరి. ఆ యవమానమే పిమ్మట హిట్లరునకు ఆయుధమయ్యెను.

మన దేశమునకు రహస్యపుసంధియైనను అక్కఱలేకపోయెను. బ్రిటన్ యుద్ధము ప్రకటించగానే భారతీయులను అడుగకయే భారతదేశమును అందు చేర్చిరి. సుమారు 13 లక్షలమంది సముద్రములు దాటి పోయిరి. 74,000 మందికి పైగా తిరిగి రాలేదు. 1917 ఆగస్టులో బాధ్యతాయుత ప్రభుత్వమునకు మాట యిచ్చి, 1919 మార్చిలో రౌలట్ శాసనమును చేతికిచ్చిరి. 1939లోను వైస్రాయి లిన్‌లిత్‌గో ఎవరినీ సంప్రదింపక యుద్ధము ప్రకటించెను. అప్పుడు మాత్రము మదరాసు మొదలగు రాష్ట్రములందలి కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా యిచ్చినవి.

సంధులను నమోదుచేసి ప్రకటింపవలెనని నానాజాతిసమితి నిబంధన చేసెను. అయినను 1939 ఆగస్టు 23వ తేదీన జర్మనీ, రష్యాలు పోలెండును పంచుకొనుటకు రహస్యపత్రము వ్రాసికొన్నవి. తొమ్మిదవనాడు రెండవ మహాయుద్ధ మారంభమయ్యెను. అట్టి పత్రము కలదని సోవియట్ ప్రభుత్వ మొప్పుకొన్నది 1989లో!

మంత్రము ఆఱుచెవుల పడరాదని మన నీతిశాస్త్రజ్ఞులు చెప్పిరి. పాలకులు తమ యాలోచనను దాచుకొనుట తప్పుగాదు. కాని ఆలోచన వేఱు, జామీను వేఱు. పరుల బిడ్డల ప్రాణములను జామీను వ్రాయువాడు ఆ పత్రమును వారికి చూపితీరవలెను. చూపుమని అడుగుట మన విధి.