వరద కూల్చని గల్లీలు

హైదరాబాదు పాతబస్తీ గల్లీల గురించి దాదాపు అందరూ ఒకే కథ చెబుతారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ నిలిపి నాలుగు బాటలు వేశాడు, వాటి మధ్య గల్లీలు అల్లుకున్నాయి, 1908 సెప్టెంబరు 28న మూసీ నది ముంచేసింది, ఏడో నిజాం మళ్లీ అందంగా కట్టించాడు. నాకు పేచీ ఆ చివరి మాటతోనే.

వరద నది ఒడ్డు వాడలను ఊడ్చేసిన మాట నిజం. కానీ 1912లో ఏర్పడ్డ ఆరాయిషే బల్దా, అంటే నగరాభివృద్ధి బోర్డు, ఇరుకు ఇళ్లు తీసేసి కొత్తవి కట్టిన చోట్లలో మొగల్‌పురా, సుల్తాన్‌షాహీ కూడా ఉన్నాయి. అవి చార్మినార్‌కు అవతల, నదికి దూరంగా ఉన్న వాడలు. అక్కడి గోడలను పడగొట్టింది గునపాలే. ఆ గునపాలను కదిపింది ప్లేగు భయమని నా నమ్మకం. 1896లో బొంబాయికి ప్లేగు వస్తే 1898లో అక్కడ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. గాలి ఆడని సందులే రోగానికి మూలమని వాడల నడుమ నుంచి వెడల్పు రోడ్లు తీసింది. 1911లో ప్లేగు హైదరాబాదును పట్టుకుంది, మరుసటి ఏడే మన బోర్డు వచ్చింది. బొంబాయిని చూసే చేశారని తేల్చి చెప్పలేను. వరద భయం లేదనీ అనను, 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ దాని ఫలాలే. అయితే నా లెక్కలో వరదకు జవాబుగా చెరువులు కట్టారు, ప్లేగుకు జవాబుగా గల్లీలు కూల్చారు.

చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి బజారు రాతి కమానులను ఈ వెలుగులో చూడాలి. రోడ్డును వెడల్పు చేశాక దాని అంచున తొడిగిన ముఖం అది. నేడు మనం వారసత్వమని కాపాడుతున్నది ఆ ముఖాన్నే. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి రాళ్లు పరిచారు, నడిచేవాళ్లకు చోటు దొరికింది, సంతోషం. ఆ పక్కనే ఉన్న లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కానీ ఆ లక్క కరిగేది దుకాణాల వెనక ఇరుకు ఇళ్లలో. ముఖానికి చేసిన మరమ్మతు ఆ ఇళ్లదాకా పోకపోతే దాన్ని పునరుద్ధరణ అని నేను ఒప్పుకోను.

పల్లెలోనూ నా కొలత ఇదే. మా సంగారెడ్డి వైపు, ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్లలో గల్లీ బాగుచేస్తామంటే నేను ముందు అడిగేది ఒక్కటే: పాత సీసీ రోడ్డు తవ్వి పోస్తారా, దాని మీదే పోస్తారా? మీదే పోస్తే ప్రతిసారీ బాట లేస్తుంది, అరుగు కుంగుతుంది. ఒకప్పుడు మెట్టెక్కి పోయిన ఇంట్లోకి దిగి పోవాల్సి వస్తుంది. వాన పడితే మోరీ నీళ్లు ముందు అర్రలోకే వస్తాయి.