దంపతుల ఆదాయపు పన్ను హోదా

భారతదేశంలో వివాహం వలన పన్ను చెల్లించే వ్యక్తి హోదా మారదు. భార్యాభర్తలు ఎవరి ఆదాయానికి వారు, ఎవరి పాన్ సంఖ్యతో వారు విడివిడిగా రిటర్ను దాఖలు చేయాలి. ఇద్దరూ కలిసి ఒకే రిటర్ను ఇచ్చే పద్ధతి లేదు. పాత, కొత్త పన్ను విధానాలలో దేనిని ఎంచుకోవాలో కూడా ఎవరికి వారే నిర్ణయించుకుంటారు. హిందూ దంపతులకు అదనంగా అవిభక్త హిందూ కుటుంబం అనే హోదా కూడా ఉన్నది.

ఆదాయం కలపడం

పన్ను తగ్గించుకోవడానికి ఆస్తిని జీవిత భాగస్వామి పేరిట మార్చినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. 1961 ఆదాయపు పన్ను చట్టం 64వ సెక్షను ప్రకారం, తగిన ప్రతిఫలం లేకుండా ఇచ్చిన ఆస్తిపై వచ్చే ఆదాయాన్ని ఇచ్చినవారి ఆదాయంలోనే కలుపుతారు. 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు నిర్దేశించిన 2025 చట్టంలోనూ ఈ నియమం ఉన్నది. ఉదాహరణకు శ్రీశైలంలో ఉద్యోగం చేసే భర్త తన జీతంలో నుండి 5 లక్షల రూపాయలు భార్య పేరిట బ్యాంకులో డిపాజిట్ చేస్తే, దానిపై వడ్డీకి పన్ను భర్తే చెల్లించాలి. ఆ వడ్డీని భార్య తిరిగి మదుపు చేయగా వచ్చిన ఆదాయం మాత్రం ఆమెదే. పెళ్ళికి ముందు ఇచ్చిన ఆస్తికి, పుట్టింటివారు ఇచ్చిన ఆస్తికి ఈ నియమం వర్తించదు.

అవిభక్త హిందూ కుటుంబం

దీనికి ప్రత్యేక పాన్, ప్రత్యేక రిటర్ను ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఎన్.వి.నరేంద్రనాథ్ కేసులో (1969) సుప్రీంకోర్టు, తండ్రి, సోదరులతో జరిగిన పంపకంలో వచ్చిన పిత్రార్జితాన్ని భార్య, కుమార్తెలతో కూడిన అవిభక్త కుటుంబపు ఆస్తిగానే పరిగణించాలని తీర్పు చెప్పింది. అది సంపద పన్నుకు సంబంధించిన వివాదం. సుర్జిత్ లాల్ ఛబ్డా కేసులో (1975) మాత్రం, భార్య, కుమార్తె మాత్రమే ఉన్న వ్యక్తి తన స్వార్జితాన్ని కుటుంబ ఆస్తిలో కలిపినా దాని ఆదాయం అతని వ్యక్తిగత ఆదాయమేనని తేల్చింది. అందువలన ఈ హోదా ముఖ్యంగా పిత్రార్జితం ఉన్నవారికే ఉపయోగపడుతుంది.

ఇతర పద్ధతులు

గోవాలో పోర్చుగీసు పౌరస్మృతి వర్తించే దంపతులకు జీతం కాక మిగిలిన ఆదాయాన్ని ఇద్దరికీ సమానంగా పంచి పన్ను వేస్తారు.

అమెరికాలోని తెలుగు దంపతులు ఉమ్మడి రిటర్ను గానీ, విడి రిటర్నులు గానీ ఎంచుకోవచ్చును. 2025 సంవత్సరానికి ప్రామాణిక తగ్గింపు ఉమ్మడిగా 31,500 డాలర్లు, విడిగా ఒక్కొక్కరికి 15,750 డాలర్లు. ఒక్కరే సంపాదించే ఇంట్లో సాధారణంగా ఉమ్మడి రిటర్నుతో పన్ను తగ్గుతుంది. అయితే అందులోని మొత్తం పన్నుకు ఇద్దరూ బాధ్యులే. భార్య భారతదేశంలోనే ఉన్నా, ఆమెను అమెరికా నివాసిగా పరిగణించమని కోరి ఉమ్మడిగా దాఖలు చేయవచ్చును. అప్పుడు ఇక్కడ ఆమెకు వచ్చే ఆదాయాన్ని కూడా అక్కడ చూపవలసి ఉంటుంది.