‘కొనుట’ నుండి ‘సేకరణ’ దాకా: ఆంగ్ల స్వీకారార్థక పదాల చరిత్ర

ఆంగ్లంలో ఒక వస్తువు ఒకరి సొంతమగుటను తెలిపే క్రియలు చాలా ఉన్నవి. బై, గెట్, పర్చేజ్, ఎక్వైర్, అబ్టెయిన్, ప్రొక్యూర్ అనునవి వానిలో ముఖ్యమైనవి. పర్యాయపద కోశాలు వీనినన్నింటిని ఒక్క వరుసలో కూర్చుతవి. చరిత్రలో మాత్రం ఇవి వేర్వేరు కాలాలలో, వేర్వేరు అధికార వ్యవస్థల వెంట ఆ భాషలోనికి వచ్చిన మాటలు. ప్రత్యేకించి పర్చేజ్, ఎక్వైర్ అను రెండింటి నడక న్యాయచరిత్రతో పెనవేసికొని ఉన్నది. ఆ నడకను గుర్తింపక చేసిన అనువాదాలు తెలుగులో కొంత చిక్కును మిగిల్చినవి.

వీనిలో దేశీయమైన మాట బై. దీని ప్రాచీనాంగ్ల రూపం ‘బ్యుజన్’. గోతిక్‌లో దీని సోదర రూపం ‘బుగ్యన్’ ఉన్నది కాని, జర్మానిక్ శాఖకు వెలుపల దీని మూలం తేలలేదు. ప్రాచీనాంగ్లంలో దీనికి పోటీగా ‘చేఅపియన్’ అను మరొక క్రియ ఉండేది. అది చిల్లర వర్తకునికి, పూటకూళ్ల యజమానికి పేరైన లాటిన్ ‘కౌపో’ నుండి వచ్చినదని పండితుల అభిప్రాయం. జర్మన్‌లో ఆ లాటిన్ మూలమే ‘కౌఫెన్’గా నిలిచి, కొనుటకు సాధారణ క్రియ అయినది. ఇంగ్లండులో అది క్రియగా నశించి, లండనులోని చీప్‌సైడ్ వీధి పేరులోను, చవక అను అర్థంలో వాడే ‘చీప్’ లోను మిగిలినది. గెట్ స్కాండినేవియా వలసదారుల వెంట వచ్చిన నార్స్ మాట.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత పాలకుల భాష, న్యాయస్థానాల భాష ఫ్రెంచి అయినది. వాదనలు ఆంగ్లంలో జరుగవలెనని 1362లో శాసనం చేసినను న్యాయవాదుల ఫ్రెంచి పోలేదు. న్యాయస్థానాల లిఖిత వ్యవహారాన్ని ఆంగ్లంలోనికి మార్చిన శాసనం 1733లో గాని అమలులోనికి రాలేదు. ఆ ఫ్రెంచి ఇచ్చిన మాటలలో పర్చేజ్ ఒకటి. దాని మూలార్థం వెంటాడుట. వేటను సూచించే ‘చేజ్’ దానిలో ఇప్పటికిని స్పష్టంగా కనిపించుచున్నది. మధ్యయుగ ఆంగ్లంలో పర్చేజ్ అనగా ప్రయత్నించి పొందుట. సొమ్ము చెల్లించుట అందులో తప్పనిసరి కాదు. కొల్లసొమ్మును సైతం ఆ మాటతో చెప్పిన ప్రయోగాలున్నవి. షేక్‌స్పియర్ ‘ఐదవ హెన్రీ’ నాటకంలో ఒక కుర్రవాడు తన యజమానుల దొంగతనాలను ఆ పేరుతోనే ఎత్తిపొడుచును. పదునాల్గవ శతాబ్ది చివర చాసర్ తన యాత్రికులలోని న్యాయవాదిని భూములు గడించుటలో మేటిగా చిత్రించినప్పుడు వాడినదీ ఈ పదమే. అందులోని వ్యంగ్యం ఆ అర్థవైశాల్యం మీదనే ఆధారపడినది.

న్యాయశాస్త్రం ఈ వైశాల్యాన్ని పరిభాషగా మార్చినది. పదునైదవ శతాబ్దిలో లిటిల్‌టన్, 1766లో తన వ్యాఖ్యాన గ్రంథపు రెండవ సంపుటంలో బ్లాక్‌స్టన్ చెప్పిన ప్రకారం, వారసత్వం వలన గాక మరి ఏ విధంగా భూమి సంక్రమించినను అది పర్చేజే. దానంగా వచ్చినను, వీలునామాతో వచ్చినను అంతే. బ్లాక్‌స్టన్ లెక్కలో వారసులు లేని భూమి ప్రభువుకు చెందుట, జప్తు, చిరకాల అనుభవం కూడ పర్చేజ్ భేదాలే. వంశానికి మొదట ఆస్తి గడించినవానిని నార్మను న్యాయవేత్తలు ‘కాంకరర్’ అనేవారనియు, విలియమునకు ఆ బిరుదు ఈ అర్థంలోనే చెల్లినదనియు ఆయన వాదించెను. జయమును గడనగా చూపు ఈ వాదంలో రాజకీయ ప్రయోజనం లేదనుకొనుట అమాయకత్వం. అయితే శబ్దచరిత్ర దానికి కొంత ఆధారమిచ్చుచున్నది: స్కాట్లండు న్యాయంలో ‘కాంక్వెస్ట్’ అనగా వారసత్వేతర ఆస్తి, ఆ భేదం 1874లో గాని రద్దు కాలేదు.

ఇక్కడ భారతీయ ధర్మశాస్త్రంతో పోలిక ఆసక్తికరం. గౌతమ ధర్మసూత్రం స్వామ్యానికి మూలాలుగా రిక్థం, క్రయం, సంవిభాగం, పరిగ్రహం, అధిగమం అను ఐదింటిని చెప్పి, క్షత్రియునకు విజితాన్ని అదనంగా చేర్చినది. అనగా క్రయం, విజయం వేర్వేరు గదులలో ఉన్నవి. ఆంగ్ల న్యాయం వానిని ఒక గదిలో ఉంచినది. కేతన పదమూడవ శతాబ్దిలో తెలిగించిన విజ్ఞానేశ్వర సంప్రదాయం నుండి నేటి దస్తావేజుల వరకు వాడుకలో ఉన్న పిత్రార్జితం, స్వార్జితం అను జంట బ్లాక్‌స్టన్ విభజనకు దగ్గర. కనుక పాత ఆంగ్ల న్యాయగ్రంథాలలోని పర్చేజ్‌ను ‘క్రయం’ అని తెలిగించుట చాలచోట్ల తప్పు. ‘ఆర్జనం’ అనుట మేలు.

తెలుగు ‘కొను’ చరిత్ర కూడ ఇటువంటిదే. దాని మూలార్థం తీసికొనుట. ‘కొనిపోవు’, ‘కొనివచ్చు’ అనుచోట్ల వెల ప్రసక్తి లేదు. తమిళ ‘కొళ్’ ధాతువులోను స్వీకరించుట, కొనుట అను రెండర్థాలున్నవి. లాటిన్ ‘ఎమెరె’ సైతం తీసికొనుట నుండియే కొనుటగా మారినది. ఆంగ్లంలో విమోచనమును తెలిపే ‘రిడెంప్షన్’ తిరిగి కొనుట అను అర్థంతో అందుండి పుట్టినదే. సంబంధంలేని రెండు భాషాకుటుంబాలు ఒకే దారిన నడిచినవి.

ఎక్వైర్ మూలంలో ఉన్నది వెదకుట. వేటాడు మాటయైన పర్చేజ్ క్రమంగా ఇద్దరి సమ్మతితో జరిగే వ్యవహారానికి పేరు కాగా, వెదకు మాట భారతదేశంలో 1894 నాటి భూచట్టం ద్వారా యజమాని కాదనలేని రాజ్యాధికారానికి పేరైనది. దాని స్థానంలో వచ్చిన 2013 చట్టం ఈ రెండింటిని ఎదురెదురుగా వాడినది: ప్రభుత్వం చేయునది ఎక్విజిషన్, ప్రైవేటు సంప్రదింపులతో జరుగునది పర్చేజ్. ఈ భేదాన్ని బట్టియే పునరావాస బాధ్యతలు నిర్ణయమగును.

తెలుగులో ఎక్విజిషన్‌కు ‘సేకరణ’ స్థిరపడినది. సేకరణలో చెదరియున్న దానిని పోగుచేయుట అను భావమే గాని, బలవంతపు ఛాయ లేదు. జానపద గేయాల సేకరణ, చందాల సేకరణ అనునవి అందరు ఎరిగిన ప్రయోగాలు. పైగా ప్రభుత్వం వడ్లు కొనుటకు వాడే ‘ప్రొక్యూర్‌మెంట్’కును అదే మాట. ఆ ఆంగ్ల పదం ఒకరి పక్షాన శ్రద్ధ వహించుట అను లాటిన్ అర్థం నుండి వచ్చినది. వడ్ల విషయంలో రైతు అమ్మకపోవచ్చును. ధాన్య సేకరణకు ‘కొనుగోలు’ అను ప్రత్యామ్నాయం కేంద్రాల పేర్లలో వాడుకలో ఉన్నది. భూసేకరణకు అటువంటి ప్రత్యామ్నాయం లేదు. ‘స్వాధీనం’ అన్నచో అది హక్కుకు గాక అధీనానికి, అనగా చట్టంలో వేరుగా చెప్పిన తరువాతి దశకు చెందును. ‘నిర్బంధ’ అను విశేషణాన్ని ముందు చేర్చుట ఒక్కటే ప్రస్తుతానికి కనిపించుచున్న మార్గం. నోటీసులలో ఆ విశేషణం సాధారణంగా కనిపించదు.