బ్రేకుల్లేని బళ్ళు, కాలిఫోర్నియా కుర్రాళ్ళు

అమెరికాలో ఉండేవాళ్ళకి స్పీడ్‌వే అనగానే రెండు గుర్తొస్తాయి. ఒకటి ఆ పేరున్న గ్యాస్ స్టేషన్లు. రెండోది, మా కాపెల్ నుంచి అరగంట దూరంలో ఫోర్ట్‌వర్త్‌కి ఉత్తరాన ఉన్న టెక్సస్ మోటార్ స్పీడ్‌వే. 1997లో తెరిచిన ఆ మైలున్నర ట్రాకు పేరుమోసింది కార్ల రేసులకి. నేనూ స్పీడ్‌వే అంటే కార్లే అనుకుంటూ వచ్చాను. మా టీములోని పోలండ్ అతను ఒకరోజు లంచ్ దగ్గర ఆ మాట విని తెగ నొచ్చుకున్నాడు. మనవాళ్ళ దగ్గర క్రికెట్ అంటే మిడతేగా అన్నట్టు ఉండి ఉంటుంది అతనికి.

వాళ్ళ స్పీడ్‌వే మోటారుసైకిళ్ళది. 500 సీసీ ఇంజను, మెథనాల్ ఇంధనం, ఒకటే గేరు, అసలు బ్రేకులే ఉండవు. నలుగురు బయల్దేరి నాలుగు చుట్లు తిరుగుతారు, అంతా కలిపి నిమిషం చాలు. ఎడమ బూటుకి ఇనప తొడుగు వేసుకుని, ఆ కాలు నేలకి ఆనించి, వెనక చక్రాన్ని కావాలనే జారనిస్తూ మలుపు తిప్పుతారు. ఫస్టొస్తే 3 పాయింట్లు, తర్వాత 2, 1, ఆఖరివాడికి సున్నా. పోలిష్ భాషలో ఈ ఆట పేరుకి అర్థం, బొగ్గు కాలాక మిగిలే గరుకు చిట్టెం. పాత ట్రాకులు దాంతోనే పరిచేవారు.

ప్రపంచ చాంపియన్‌షిప్ 1936లో మొదలైంది. మరుసటి ఏడాది వెంబ్లీలో మొదటి మూడు స్థానాలూ అమెరికన్లవే: జాక్ మిల్న్, విల్బర్ లామొరో, జాక్ తమ్ముడు కార్డీ మిల్న్. ఒకే దేశం ముగ్గురు, ఇద్దరు సొంత అన్నదమ్ములు. కానీ దేశం పేరు మీద ఇవ్వడానికి కప్పే లేదు అప్పటికి. అది రావడానికి 1960 దాకా పట్టింది. ఆ ఏడు గోథెన్‌బర్గ్‌లో జరిగిన మొదటి వరల్డ్ టీమ్ కప్‌ని స్వీడన్ గెలుచుకుంది. తర్వాతి ఏడాది పోలండ్. పద్ధతి తేలికే. నాలుగు దేశాలు, ప్రతి రేసులోనూ దేశానికి ఒక్కడు, చివర్లో పాయింట్లు కూడతారు. మీ దేశం వాడు మీ పక్కన ఉండడు, అయినా మీది జట్టే.

నన్ను పట్టుకున్నది ఇక్కడే. ఈ ఆటలో రైడర్లకి అన్నం పెట్టేది దేశం కాదు, క్లబ్బు. ఆ రోజుల్లో బతకాలంటే ఇంగ్లండ్ వెళ్ళాలి, అక్కడి బ్రిటిష్ లీగ్‌లో చేరాలి. కాలిఫోర్నియాలో కోస్టా మెసా సంతమైదానంలో 1969 నుంచి రేసులున్నా, ట్రాకు బాగా చిన్నది. అందుకని కాలిఫోర్నియా ఎండలో పెరిగిన కుర్రాళ్ళు పెట్టె సర్దుకుని ఇంగ్లండ్ చలికీ వానకీ చేరారు. స్కాట్ ఆట్రీ ఎక్సెటర్‌కి, బాబీ ష్వార్ట్జ్ రెడింగ్‌కి, షాన్ మొరాన్ షెఫీల్డ్‌కి, బ్రూస్ పెన్‌హాల్ క్రాడ్లీ హీత్‌కి. సీజనంతా బ్రిటిష్ ఊళ్ళ జెర్సీ. దేశం జెర్సీ దొరికేది ఎప్పుడో ఒకసారి. ఏ ఆన్‌సైట్ ఇంజనీరుకైనా ఈ వరస కొత్తగా అనిపించదు.

1982లో వీళ్ళ కథ లండన్‌లోని వైట్ సిటీ స్టేడియంలో తేలింది. 1908 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియం అది. ఆ వేసవిలో ముందు అక్కడ వ్యక్తిగత చాంపియన్‌షిప్‌కి ఒక క్వాలిఫయింగ్ రౌండు జరిగింది. పెన్‌హాల్ అప్పటికే ప్రపంచ చాంపియన్. తన చివరి రేసు వచ్చేసరికి అతనికి పై రౌండు ఖాయమైపోయింది. ఆ రేసులో మిగతా ముగ్గురూ అమెరికన్లే, వాళ్ళకింకా పాయింట్లు కావాలి. పెన్‌హాల్ వెనక్కి తగ్గి వాళ్ళని ముందుకి పోనిచ్చాడు. టికెట్టు కొనుక్కుని వచ్చిన ఇంగ్లిష్ జనానికి ఒళ్ళు మండింది, పెద్ద గొడవైంది. మోసమని కొందరు అంటారు. ఒంటరి ఆటలో దేశాన్ని దూర్చడం తప్పే, నేనూ ఒప్పుకుంటాను. కానీ పరాయి ఊళ్ళో సాటివాడు ఇబ్బందిలో ఉంటే చూస్తూ ముందుకి పోయేవాడి మీద నాకు పెద్ద గౌరవమూ లేదు.

అదే స్టేడియంలో, అదే వేసవిలో, పెన్‌హాల్, ష్వార్ట్జ్, సిగాలోస్, మొరాన్, ఆట్రీ కలిసి అమెరికాకి మొట్టమొదటి టీమ్ కప్ తెచ్చారు. ఈసారి ఎవరూ ఎవరికీ దారివ్వక్కర్లేదు. ఆగస్టులో లాస్ ఏంజెలెస్ కొలీసియంలో పెన్‌హాల్ రెండోసారి ప్రపంచ చాంపియనై, పోడియం మీదే రిటైర్మెంట్ చెప్పేసి టీవీ సీరియల్ నటనకి వెళ్ళిపోయాడు. వయసు పాతికే.

తర్వాత ఆరేళ్ళు, 1983 నుంచి 1988 దాకా, కప్పు చిన్న దేశం డెన్మార్క్‌దే. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో జరిగిన రెండు ఫైనల్స్ కూడా వాళ్ళే పట్టుకుపోయారు. ఆ డేనిష్ జట్టుకి ప్రాణం ఎరిక్ గుండర్సన్, క్రాడ్లీ హీత్‌లో పెన్‌హాల్‌కి క్లబ్బు తోడు. 1989 సెప్టెంబరులో బ్రాడ్‌ఫర్డ్ ఫైనల్, మొదటి రేసులోనే నలుగురూ గుద్దుకున్నారు. గుండర్సన్ మెడ దెబ్బతింది. మళ్ళీ నడవగలిగాడు గానీ రేసులకి రాలేదు. బ్రేకుల్లేవని పైన తేలిగ్గా రాసేశాను. ఆ వీడియో చూశాక ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను.

అమెరికా మళ్ళీ 1990, 1992, 1993, 1998లో గెలిచింది. 2001లో పోటీ స్పీడ్‌వే వరల్డ్ కప్‌గా మారింది, 2018లో దాని స్థానంలో జంటల పోటీ వచ్చింది, 2023లో వరల్డ్ కప్ తిరిగొచ్చింది. ఆ ఏడు పోలండ్ తన వ్రోట్స్వాఫ్‌లోనే గెలిచింది.

ఇక్కడికి దగ్గర్లోనే గ్రాండ్ ప్రెయిరీలో 2024 జూన్ 6న అమెరికా క్రికెట్ జట్టు సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ని ఓడించింది. ఆ ఓవర్ వేసిన నేత్రావల్కర్ ముంబయిలో పెరిగాడు, ఉద్యోగం ఒరాకిల్‌లో. మర్నాడు ఆఫీసులో మా పోలండ్ అతనికి సూపర్ ఓవర్ గురించి చెప్పబోతే, ముందు బౌలర్ అంటే ఎవరో చెప్పమన్నాడు.