స్టౌ మీద పడిన నింద

ప్రత్యేక సంచికకు పాతకాలపు సంగతి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. ఆ మధ్య అటక సర్దుతుంటే మా ఇత్తడి పంపు స్టౌ బయటపడింది. గ్యాసు రాకముందు మనలో చాలామంది ఇళ్ళలో వంట దాని మీదే నడిచింది కనుక దాని చరిత్రే వ్రాస్తున్నాను.

ఈ స్టౌ పుట్టిల్లు స్వీడన్. 1892లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన వత్తి లేకుండా, మసి పట్టకుండా మండే కిరసనాయిలు పొయ్యి తయారుచేశారు. అదే ప్రైమస్. ఉత్తర ధ్రువం వైపు సాగిన నాన్సెన్, 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ దీన్ని వెంట తీసుకువెళ్ళారు. 1953 మే 29 ఉదయం ఎవరెస్టు చివరి మజిలీలో హిల్లరీగారి బూట్లు గడ్డకట్టుకుపోతే, ఈ స్టౌ మంట మీద పట్టి మెత్తబరచుకున్న తరువాతనే టెన్సింగుతో కలిసి శిఖరం ఎక్కారు.

మా బోటి గుమాస్తాలకు జమాబందీ క్యాంపే ఎవరెస్టు. 1972లో తాలూకా ఆఫీసులో చేరిన నాటినుంచి లెక్కల పెట్టెలతో పాటు నా స్టౌ కూడా ఊరూరా తిరిగింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత సహాయ శిబిరంలో డ్యూటీ పడింది. ఎండు పుల్ల అన్నది కంటికి కనబడని ఆ చోట మా గంజీ, టీ దాని మీదే కాగాయి.

దాని మర్మం చాలా చిన్నది. ట్యాంకులో ముప్పాతిక వంతుకు మించి నూనె పోయరాదు. బర్నరు చుట్టూ ఉన్న గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి వెలిగించి, బర్నరు బాగా వేడెక్కాక గాలి స్క్రూ బిగించి పంపు కొట్టాలి. పైకెక్కిన నూనె ఆ వేడికి ఆవిరై, సన్నని రంధ్రం గుండా వచ్చి నీలంగా మండుతుంది. తొందరపడి ముందే పంపు కొడితే ఆవిరికి బదులు నూనే చిమ్మి మంట ఎగుస్తుంది. రంధ్రం మూసుకుంటే పిన్నుతో పొడవాలి. పంపులోని తోలు వాషరు ఎండితే చుక్క కొబ్బరినూనె వేయాలి. ఆర్పాలంటే స్క్రూ వదులు చేస్తే చాలు. మండుతుండగా నూనె పోయడం మాత్రం ఎన్నడూ కూడదు.

ఇంతటి నమ్మినబంటుకు 1980లలో చెడ్డపేరు వచ్చింది. "స్టౌ పేలి కోడలు మృతి" అన్న వార్త పత్రికల్లో మామూలైపోయింది. 1983లో చట్టం మార్చారు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ అనుమానాస్పదంగా మరణిస్తే మెజిస్ట్రేటు విచారణ జరగాలన్నారు. 1986లో వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా చేర్చారు. 1985లో మండలాలు వచ్చాక ఆ విచారణ పని మా ఆఫీసుల మీద పడింది. అధికారి చెప్పగా వ్రాసుకున్న పంచనామాలను సాపు వ్రాయడం నా వంతు.

1987లో ఒక రాత్రి అలాంటి కాగితం ఇంటికి తెచ్చుకుని సాపు వ్రాస్తున్నాను. కారణం "స్టౌ పేలి" అని ఉంది. వస్తువుల జాబితాలో "ఇత్తడి పంపు స్టౌ ఒకటి, సగం కిరసనాయిలుతో" అని ఉంది. చదివింది విని మా ఇంటావిడ, "ఏమండీ, పేలిన ట్యాంకులో నూనె ఎలా నిలిచిందండీ?" అంది.

నా కలం ఆగిపోయింది. పదిహేనేళ్ళుగా స్టౌ విప్పి బిగించినవాణ్ణి, నాకు తోచనే లేదు. చీర కొంగు అంటుకుని ఉండవచ్చు, నూనె చిమ్మి ఉండవచ్చు, మరేదైనా జరిగి ఉండవచ్చు. పేలడం మాత్రం జరగలేదు. మర్నాడు ఆ సంగతి చీటీ మీద వ్రాసి ఫైలుకు గుచ్చాను. మా అధికారి చదివి, ఏమీ అనకుండా మళ్ళీ ఆ ఊరు వెళ్ళారు. పుట్టింటివారినీ, ఇరుగుపొరుగునూ తిరిగి విచారించారు. స్టౌ చెక్కుచెదరలేదని తన నివేదికలో స్పష్టంగా వ్రాశారు.

నేను చేసింది ఆ చీటీ ఒక్కటే. అంతకు ముందు మారు మాట్లాడకుండా సాపు వ్రాసి ఇచ్చిన కాగితాలూ ఉన్నాయి. వాటిలో స్టౌ ఏ స్థితిలో ఉందో నేను చూడలేదు. ఆ బాధ ఈ వయసులోనూ పోలేదు.

మీ అటకల మీద ఇలాంటి స్టౌ ఉంటే పాత సామాను వాడికి వేయకండి. మనవలకు, మనవరాళ్ళకు విప్పి చూపించండి. అది మన కడుపులు నింపిన సంగతితో పాటు, దాని మీద వేసిన నింద సంగతి కూడా చెప్పండి.