కోళ్ల దాణాలో కలోంజీ: ఎంతవరకు పనిచేస్తుంది?

పాతబస్తీ డాబాల మీద, బార్కస్ వైపు పెరళ్లలో అసీల్, నాటుకోళ్లు పెంచే ఇళ్లకు కలోంజీ కొత్తేం కాదు. హదీసులో షిఫాగా చెప్పిన గింజ కదా అని దాణాలో చిటికెడు వేస్తుంటారు. మనుషులకు చివరి అస్త్రం లాంటి కొలిస్టిన్‌ను కోళ్లకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది. అందుకే ఇలాంటి గింజల మీద ఆసక్తి పెరిగింది.

కలోంజీలో థైమోక్వినోన్, వాములో థైమాల్ ఉంటాయి. ఇవి సూక్ష్మక్రిములను అణచగలవు. ప్రయోగాల్లో సాధారణంగా కిలో దాణాకు 5 నుంచి 10 గ్రాముల పొడి కలుపుతారు. కొన్నిటిలో కోడి బరువు పెరిగింది, కొన్నిటిలో తేడా ఏమీ కనిపించలేదు. మెంతులు ఎక్కువైతే చేదుకు కోళ్లు దాణా ముట్టవు.

కొనేటప్పుడు జాగ్రత్త. నల్ల జీలకర్ర అంటే కొందరు షాజీరా ఇస్తారు, అది వేరు. ఉల్లి విత్తనాలు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటాయి. నాటడానికి అమ్మేవాటికి మందు పట్టించి ఉండొచ్చు.

అసలు భయం కొక్కెర తెగులు. అది వైరస్, ఏ గింజా దాన్ని ఆపదు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజా లాంటి పెరటి కోళ్లకైనా మొదటి వారంలో లసోటా టీకా చుక్క వేయించాల్సిందే. మెడ వంకరపోయినా, పచ్చగా పారుతున్నా ఆ కోడిని వెంటనే వేరుచేసి పశువైద్యుడికి చూపించాలి.