జొన్న గట్క తిన్నవాళ్ల జబ్బు

మొహానికి రాసుకునే సీరం సీసాల మీద ఈమధ్య తరచూ కనిపిస్తున్న పేరు నియాసినమైడ్. మందుల షాపులో అమ్మే బీ-కాంప్లెక్స్ మాత్రలోనూ అది ఉంటుంది. నిగారింపు కోసం కొంటున్న ఈ విటమిన్ ఒకప్పుడు దక్కను పల్లెల్లోని పేదలను ఒక జబ్బు వల్ల వచ్చే చావు నుంచి తప్పించిన మందు. ఆ జబ్బు పేరు పెల్లాగ్రా.

అది చర్మం మీద ఎక్కువగా ఎండ తగిలే చోట బయటపడుతుంది. మెడ, ముంజేతులు, పాదాలు ముందు కములుతాయి, తర్వాత నల్లబడి పొలుసులు రాలుస్తాయి. కుడిచేతికి ఎలా వస్తే ఎడమచేతికీ అలాగే. మెడ మీది మచ్చ కంటె వేసినట్టు చుట్టూ తిరిగి ఉంటుంది. దీంతోపాటు నాలుక ఎర్రబడి మండుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చెదురుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

స్పెయిన్‌లో మొక్కజొన్న మీద బతికే పేద రైతుల్లో 1735లోనే గాస్పర్ కసాల్ దీన్ని గుర్తించారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ప్రబలినప్పుడు మాత్రం చాలామంది అంటురోగమనే నమ్మారు. 1914లో అక్కడికి వెళ్లిన ప్రభుత్వ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్‌కు ఒక సంగతి తట్టింది: అనాథాశ్రమాల్లో ఉండేవాళ్లకు జబ్బు వస్తోంది, వాళ్లకు సేవ చేసే సిబ్బందికి రావడం లేదు. తేడా కంచంలోనే ఉంది. మరుసటి ఏడాది మిసిసిపీ జైలు పొలంలో, క్షమాభిక్ష హామీతో ముందుకొచ్చిన ఖైదీలకు మొక్కజొన్న, తీపి పాకం వంటి నాసి తిండి పెట్టారు. నెలలు గడిచేసరికి చివరిదాకా నిలిచిన 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా వచ్చింది. అయినా నమ్మనివాళ్ల కోసం 1916లో ఆయన రోగుల రక్తం ఎక్కించుకున్నారు, వాళ్ల చర్మం పొలుసులు మింగారు. ఏమీ కాలేదు. లోపించింది నికోటినిక్ ఆమ్లమని, అంటే నియాసిన్ అని 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ పరిశోధనతో తేలింది. అప్పటికి గోల్డ్‌బర్గర్ పోయి ఎనిమిదేళ్లు.

దక్కనులో కథ వేరు. ఇక్కడివాళ్లు తినేది మొక్కజొన్న కాదు, జొన్న. మొక్కజొన్నలోని నియాసిన్ ఒంటికి సరిగా పట్టదు. మెక్సికోలో దాన్ని సున్నపు నీళ్లలో ఉడికించి తినడం వల్ల ఆ ఇబ్బంది తీరింది. జొన్నలో చూస్తే నియాసిన్ బియ్యంలో కంటే తక్కువేమీ కాదు. మరి జొన్న గట్క తినే కూలీలకు ఈ జబ్బెందుకు? 1918లో కూనూరులో మొదలై, 1950ల చివర్లో హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ దీని మీద పనిచేసింది. జొన్న ప్రొటీన్‌లో మోతాదు మించి ఉన్న లూసిన్ అనే అమైనో ఆమ్లం, శరీరం నియాసిన్‌ను వాడుకునే తీరును చెడగొడుతోందని 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ‘లాన్సెట్’లో ప్రతిపాదించారు. అన్ని ప్రయోగశాలల్లోనూ అదే ఫలితం రాలేదు, వాదన సాగింది. జొన్న తిన్న ప్రతివాళ్లకూ ఈ జబ్బు రాలేదన్నది మాత్రం నిజం. పప్పు, పాలు, మాంసం కాస్తయినా దొరికిన ఇళ్లను అది పెద్దగా తాకలేదు. నిందించాల్సింది జొన్నను కాదు, మూడు పూటలా అదొక్కటే మిగిల్చిన లేమిని.

నియాసినమైడ్ మాత్రలు మొదలుపెడితే నాలుక మంట, విరేచనాలు కొద్ది రోజుల్లోనే తగ్గుతాయి. చర్మం కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఇప్పుడు ఈ జబ్బు ఎక్కువగా తాగుడుకు బానిసై తిండి మానేసినవాళ్లలో, అరకొర తిండితో క్షయకు ఐసోనియాజిడ్ వాడేవాళ్లలో కనిపిస్తోంది. అలాంటివాళ్ల మెడ చుట్టూ నల్లచార తేలితే ఎండకు కమిలిందనుకుని క్రీము రాసి ఊరుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.